వెళ్లొస్తానన్న మాట

వరహాలమ్మ జీవితంలో కోరుకున్నది ఒక్కటే. సొంత శ్లాబు కింద, సొంత మంచం మీద, మధ్యలో ఎవరూ లేపకుండా కంటినిండా నిద్రపోవాలి. నగలడగలేదు, పొలమడగలేదు. అందరికీ ఊరికే దొరికే నిద్ర కోసం సముద్రం దాటి వెళ్లి తొమ్మిదేళ్లు చాకిరీ చేసింది.

ఆవిడది పి.గన్నవరం. కాలవ గట్టు మీద తాటాకిల్లు. భర్త కొబ్బరి దింపులు తీసేవాడు. ఒక వానాకాలం పాకుడు పట్టిన చెట్టెక్కి, జారి పడి, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపు పోయాడు. కూతురు హేమకి అప్పటికి పదేళ్లు. కువైట్‌లో యుద్ధం సద్దుమణిగి, అక్కడి ఇళ్లల్లో పనికి మళ్లీ మన ఆడవాళ్లని పిలుస్తున్న రోజులవి. పిల్లని తల్లి దగ్గర వదిలి వరహాలమ్మ రాజోలు వెళ్లి సాలమోను అనే ఏజెంటుని పట్టుకుంది.

సాలమోను తన అరుగు మీద అయిదుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి పదిరోజులు ఇంగ్లీషు నేర్పాడు. అతనికి వచ్చినదే పదిరోజుల ఇంగ్లీషు కాబట్టి అంతకంటే ఎక్కువ నేర్పడానికి లేదు. సిడౌన్ అంటే కూర్చోమని, గెటప్ అంటే లెమ్మని, పుటాన్ అంటే తొడుక్కోమని అరుగంతా నడుస్తూ చెప్పేవాడు. ఒకరోజు కమ్ బ్యాక్ దగ్గరికి వచ్చాడు.

“కమ్ అంటే రమ్మని. బ్యాక్ అంటే ఎనక్కి. రెండూ కలిపితే, ఎల్లినోళ్లు తిరిగి రావడం. బుర్రకెక్కిందా అమ్మా?”

“మనం వెళ్లొస్తానండి అంటాం కదండీ, అదేనాండీ?” అని అడిగింది వరహాలమ్మ.

“ఆయ్, అదే. అంత పొడుగు అన్లేక ఇంగిలీషోడు పొట్టిగా అన్నాడు.”

సాలమోను పప్పులో కాలేసింది అక్కడే. అది ఇది కాదు, ఇది అది కాదు. మనవైపు ఎవరి గుమ్మం దిగుతున్నా వెళ్తానని అనరు. అలా అంటే ఇక రానని, పైకి పోయేవాళ్ల మాట అది. అందుకని ఈ జన్మలో మళ్లీ ఆ గుమ్మం తొక్కనివాళ్లు కూడా వెళ్లొస్తానండి అనే దిగుతారు. ఇంటివాళ్లు వెళ్లిరండి అంటారు. వాళ్లు రారని వీళ్లకి తెలుసు, వీళ్లకి తెలుసని వాళ్లకీ తెలుసు. ఒక్క చావింటికి పలకరింపుకి వెళ్లినప్పుడే, ఏ మాటా లేకుండా లేచి చెప్పులేసుకుని వచ్చేస్తారు. అక్కడ మాత్రం మళ్లీ రావాలని ఎవరికుంటుంది? ఇదంతా మన మర్యాద. ఇది తెలియనివాళ్ల ముందు అంటే ఆ మాట మర్యాదగా ఉండదు, ఒట్టయిపోతుంది. ఆ తేడా చెప్పేంత తెలివి సాలమోనుకి లేదు, అడిగేంత తీరిక వరహాలమ్మకి లేదు.

కువైట్‌లో ఆవిడ చేరిన ఇంట్లో అందరూ అరబ్బీయే. నేర్చుకున్న ఇంగ్లీషంతా విమానం దిగగానే దండగైంది, ఒక్క కమ్ బ్యాక్ తప్ప. ఆ ఇంటి ముసలావిడకి ఆ మాట వచ్చు. అక్కడ ఇంటి ఆడవాళ్లని మామా అనాలి. మేనమామని పిలిచినట్టుందని మొదట్లో వరహాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ముసలావిడ పెద్ద మామా. కుడిపక్క తప్ప ఒళ్లంతా పడిపోయిన మనిషి. గదిలో రోజూ అగరుచెక్క పొగ వేయించుకునేది. ఎప్పుడో తుంటి ఎముక విరిగితే లండన్ ఆస్పత్రిలో ఆరునెలలు ఉంచారట, అక్కడి నర్సుల దగ్గర పట్టుబడ్డ మాట అది.

ఆ ఒక్క మాటతో ఇద్దరూ తొమ్మిదేళ్లు కాపురం చేసినంత పని చేశారు. వరహాలమ్మ నీళ్లకి లేస్తే, త్వరగా రా అని కమ్ బ్యాక్. కరెంటు పోయి వస్తే కమ్ బ్యాక్. మింగించిన జావ తిరిగి బయటికొస్తే కమ్ బ్యాక్. తగ్గిన జ్వరం మళ్లీ తగిలితే కమ్ బ్యాక్. జబ్బులో ఊడిన జుట్టు మొలకలెత్తితే, అద్దం చూపించమని, తల నిమురుకుని నవ్వుతూ కమ్ బ్యాక్. చచ్చిపోయిన మొగుడు కల్లో కనిపించిన పొద్దున్న కూడా, గుమ్మం వైపు వేలు చూపించి, గుసగుసగా అదే మాట. ఆ పొద్దున్న మాత్రం వరహాలమ్మ ఆ గుమ్మంలోంచి వెంటనే బయటికి వెళ్లలేకపోయింది. ఎవరో పక్కకి తప్పుకుంటే గానీ దారి లేనట్టు కాసేపు నిలబడిపోయింది.

మంచాన పడ్డ మనిషిని రెండేసి గంటలకి ఒకసారి ఒత్తిగిలించాలి, లేకపోతే వీపు పుండ్లు పడిపోతుంది. పక్క మార్చాలనిపించినప్పుడు పెద్ద మామా చెంచాతో గాజుగ్లాసు మీద మూడుసార్లు కొట్టేది. వరహాలమ్మ వచ్చి ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద వేసి, ఊపిరి బిగబట్టి, ఇటునుంచి అటు తిప్పేది. పగలూ అంతే, రాత్రీ అంతే. తొమ్మిదేళ్లలో ఆ ఒంటిమీద ఒక్క పుండు లేదు. తొమ్మిదేళ్లలో ఈవిడకి రెండు గంటలకి మించి నిద్రా లేదు.

రెండువేల ఒకటి జూన్‌లో వరహాలమ్మ వీసా ముగించుకుంది. ఇంకో నాలుగేళ్లు ఉండమన్నారు. ఊళ్లో శ్లాబిల్లు పూర్తయింది, రెండు గదులూ వంటిల్లూ, ఎర్రగచ్చు. తల్లి పోయింది, హేమ ఒక్కత్తే ఉంటోంది. ఇక చాలనుకుంది. తన బదులు మలికిపురం నుంచి వచ్చిన దుర్గమ్మకి పనంతా చూపించింది. కారు వాకిట్లో ఉందన్నాక పెద్ద మామా కాళ్లకి దణ్ణం పెట్టి, నోటికి అలవాటైన మాట అనేసింది.

“వెళ్లొస్తానమ్మా.”

ముసలావిడకి అర్థం కాలేదు. ఏమిటన్నట్టు చూసింది. అప్పుడైనా ఊరుకుంటే సరిపోను. ఆవిడని అలా చూస్తుంటే మనసొప్పక, సాలమోను నేర్పిన మాట తీసింది. కమ్ బ్యాక్ అంది.

పెద్ద మామా కుడిచేత్తో వరహాలమ్మ బొటనవేలు పట్టుకుంది. నిజంగానా అన్నట్టు అదే మాట తిరిగి అడిగింది. ఆయ్ అంది వరహాలమ్మ. మళ్లీ అడిగింది, మళ్లీ ఆయ్. మూడోసారీ అడిగి, మూడోసారీ అనిపించుకున్నాక వేలు వదిలింది. పాస్‌పోర్టులో వీసా కొట్టేసి ముద్ర వేశారని వరహాలమ్మకి తెలుసు. అబద్ధమాడానని మాత్రం ఆవిడకి ఆ క్షణాన తోచలేదు. గుమ్మం దిగుతూ మరి ఇంకేమంటారు ఎవరైనా?

ఇంటికొచ్చాక నలభై రోజులు నిద్రపోయింది. నవారు మంచం కొత్తది కొనుక్కుని, పొద్దుగూకగానే పడుకుని, ఎండెక్కాక లేచేది. మధ్యాహ్నం మళ్లీ పడుకునేది. హేమ కిటికీ దగ్గర మిషను మీద జాకెట్లు కుడుతూ, వచ్చినవాళ్లందరికీ మా అమ్మ పడుకుందండి అని గొప్పగా చెప్పేది. ఆ పిల్ల అమ్మమ్మ పెంపకం. ఎంత నెమ్మదంటే, మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటువాణ్ణి కూడా గేటుదాకా వెళ్లి వెళ్లిరండి అని పంపేది. పక్కింటి చిన్నమ్మలు, కిరాణా కొట్టు నడిపే ముసలావిడ, నోట్లో చుట్ట తియ్యకుండా నవ్వేది. ఈ పిల్ల దొంగొచ్చినా వెళ్లిరమ్మంటుంది చూడవే అనేది.

నలభై ఒకటో రోజు శ్రావణ శుక్రవారం. భోంచేసి వరహాలమ్మ అలా కన్ను మూసింది. గాజు మీద చెంచా మూడుసార్లు మోగింది.

ఒళ్లు తొమ్మిదేళ్ల అలవాటు మీద దానంతటదే లేచింది. కళ్లు తెరిచేసరికి నడిగదిలో, ఖాళీగా ఉన్న రెండో మంచం పక్కన నిలబడి ఉంది. హేమ పడుకునే మంచం అది. హేమేమో ముందుగదిలో మిషను తొక్కుతోంది, చప్పుడు వినబడుతోంది. గోడ గడియారం సరిగ్గా ఒంటిగంట. కల అనుకుని వెనక్కి తిరగబోయి మంచం వైపు చూసింది. నవారు మధ్యలో గుంట పడి ఉంది, మనిషి పడుకున్నట్టు. తలవైపు కాస్త, తుంటి దగ్గర ఎక్కువ.

నవారు వదులైందేమోనని చెయ్యి పెట్టి చూసింది. అదే చేసిన పొరపాటు. చేతులకి బుర్ర ఉండదు, అలవాటే ఉంటుంది. ఒకటి భుజం ఉండాల్సిన చోటికి, ఒకటి తుంటి ఉండాల్సిన చోటికి వెళ్లాయి. ఊపిరి బిగబట్టి తిప్పింది. బరువు చేతుల్లోకి వచ్చింది. తనకి తెలిసిన బరువే, ఇసుమంత తేడా లేదు. గుంట ఇటునుంచి అటు జరిగింది. నవారు కిర్రుమంది.

ముందుగదిలో హేమ మిషను ఆపింది. ఎక్కడో అగరుచెక్క పొగ వాసనొస్తోందేంటమ్మా అని అడిగింది.

ఆ రోజునుంచి మళ్లీ రెండేసి గంటలే. తెల్లారగట్ల మోగేది, పదింటికి మోగేది, సరిగ్గా కునుకు పట్టే వేళ మోగేది. హేమకి చప్పుడు వినబడదు, వాసన తెలుస్తుంది. వరహాలమ్మ హేమ పక్క ముందుగదిలోకి మార్చింది, ఇంట్లో ఉన్న గాజుగ్లాసులన్నీ మూటగట్టి చిన్నమ్మలు కొట్లో పెట్టేసింది. స్టీలు గ్లాసులే మిగిలాయి. అయినా మోగేది గాజే. ఒకరోజు లేవకూడదని పళ్లు బిగించి పడుకుంది. మూడు కొట్టి, ఆగి, మూడు కొట్టి, ఆగి, పెద్ద మామా మునుపెలా ఓపిగ్గా కొట్టేదో అలాగే కొట్టింది. కోపమన్నది లేదు అందులో. అదే భరించలేకపోయింది వరహాలమ్మ. లేచి వెళ్లి ఒత్తిగిలించింది. ఎదుటిమనిషి వీపు మండుతుందని తెలిసి పడుకోవడం ఆవిడవల్ల కాలేదు.

నెల తిరక్కుండా మొహం పీక్కుపోయింది. కువైట్ నుంచి వచ్చినప్పుడు నయం, ఇప్పుడే పనిమనిషిలా ఉన్నావే అంది చిన్నమ్మలు. ఆ మాటంటుండగానే కొట్లో ఫోను మోగింది. కువైట్ నుంచి దుర్గమ్మ.

పెద్ద మామా పోయి ఇరవై రోజులైందని చెప్పింది. శుక్రవారం పొద్దున్న, అక్కడ పదిన్నర. గ్లాసూ చెంచా అడిగి మూడుసార్లు కొట్టిందట. దుర్గమ్మ పరుగెత్తుకెళితే నువ్వు కాదని చెయ్యి ఊపిందట.

“గుమ్మంకేసి చూసి కమ్ బ్యాక్, కమ్ బ్యాక్ అందక్కా. నువ్వొస్తానన్నావంట కదా. ఇంట్లోవాళ్లందరికీ చెప్పింది, నీ గదిలోకి నన్ను సామాను కూడా పెట్టుకోనివ్వలేదు. అటే చూస్తా పోయింది.”

అక్కడ పదిన్నరంటే ఇక్కడ ఒంటిగంట. వరహాలమ్మ ఫోను పెట్టేసి, కొట్టు ముందు పప్పుబస్తా మీద కూలబడి, జరిగిందంతా చిన్నమ్మలుకి చెప్పింది. చిన్నమ్మలు నవ్వలేదు. చుట్ట తీసి పక్కన పెట్టింది. దాన్ని బట్టే వరహాలమ్మకి సంగతి చిన్నది కాదని తెలిసింది.

“ఇందులో భూతవైద్యులూ రాయీ రప్పా పనికిరావే,” అంది చిన్నమ్మలు. “వస్తానన్నావు, ఎళ్లలేదు. చూసి చూసి ఆవిడే వచ్చింది. ఇంటికొచ్చిన మనిషి. సాగనంపాలి, అంతే. కానీ రమ్మనకుండా సాగనంపాలి. వెళ్లండి అను, రండి అనకు. చావింట్లోంచి ఎలా వచ్చేస్తామో అలా, మొహం తిప్పుకుని వచ్చెయ్యాలి.”

వినడానికి సులువే. కోనసీమలో పుట్టిన మనిషికి నోరు తిరగాలి కదా. వరహాలమ్మ వారం రోజులు ఆ మాట సాధన చేసింది. వాకిట్లో కోడితో అంది, వెళ్లిరండి అనే వచ్చింది. చేపలమ్మే మనిషితో పళ్లబిగువున వెళ్లండి అనేసింది. ఆ మనిషి బుట్ట నెత్తికెత్తుకుంటూ ఆగి, నేనేం తప్పు చేసేనండీ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగు రోజులు ఆ వీధిలోకే రాలేదు.

భాద్రపదం నెలాఖరున ఒక శుక్రవారం సాయంకాలం ముహూర్తం పెట్టుకున్నారు. కాలవ నిండుగా పారుతోంది. చిన్నమ్మలు కొడుకు కాయలు తోలే పాత దోనె ఒకటి ఇంటెదురు రేవులో తాడుకి కట్టి ఉంది. వరహాలమ్మ మంచం వేణ్ణీళ్లతో కడిగి ఆరబెట్టి, కువైట్ నుంచి తెచ్చుకున్న దుప్పటి పరిచింది. ఖర్జూరాలు పాలల్లో ఉడికించి మెత్తగా నలిపి మంచం పక్కన పెట్టింది. పొయ్యి మీంచి దింపిన గిన్నె చెయ్యి కాలేంత వేడిగా ఉంది. కొంగు సర్దుకుని తిరిగేసరికి చల్లబడి మీగడ కట్టింది.

హేమకి సంగతంతా చెప్పి దీపం పట్టుకోమంది. ఏం చూసినా మాట్లాడొద్దంది.

మంచం మీదికి వంగి, భుజం కిందొక చెయ్యి, మోకాళ్ల కిందొక చెయ్యి వేసి ఎత్తింది. స్నానానికి ఎత్తినట్టే. హేమకి కనిపించింది అమ్మ ఖాళీ చేతులే. కానీ ఆ చేతులు బరువుకి వణుకుతున్నాయి. మెడ నరాలు తేలాయి. అడుగు పడితే గచ్చు మీద ధబ్‌మని చప్పుడౌతోంది. ముందుగదిలో మిషను దగ్గరికి వచ్చేసరికి వరహాలమ్మ పక్కకి తిరిగి నడిచింది, మోస్తున్న మనిషి కాళ్లు మిషనుకి తగలకుండా. గుమ్మం దగ్గర తలవైపు చెయ్యి కాస్త ఎత్తింది. ఈ చిన్నచిన్న జాగ్రత్తలు చూశాకే హేమ ఇద్దరు పట్టేంత దారి వదిలి పక్కకి తప్పుకుంది.

రేవు మెట్లు ఒక్కొక్కటే దిగింది. చిన్నమ్మలు గట్టు మీదే ఆగిపోయి కళ్లు మూసుకుంది. వరహాలమ్మ మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి, వంగి, చేతులు దోనెలోకి దించింది. దోనె జానెడు మునిగింది. ఆవిడ చేతులు ఖాళీ అయి తేలిపోయాయి. చాలాకాలం తర్వాత నడుం నిటారైంది.

తాడు విప్పింది. ముసలావిడ బొటనవేలు వదలట్లేదేమో, కాసేపు కుడిచెయ్యి దోనె అంచు మీదే ఉండిపోయింది. మెల్లిగా లాక్కుంది. నోరు తెరిచింది. నాలుక మీద రెండు మాటలూ ఉన్నాయి. ఒకటి మింగింది.

“వెళ్లండమ్మా.”

అంతే అంది. మొహం తిప్పుకుంది. దోనె కదిలింది. ప్రవాహం పట్టుకుని, ముక్కు దిగువకి తిప్పుకుని, రేవు దాటి నాలుగు బారలు వెళ్లింది. వరహాలమ్మ తడిచీరతో మెట్లెక్కుతోంది. ఒక్కో మెట్టుకీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ నిద్ర ఎంత తియ్యగా ఉందంటే, మెట్ల మీదే ఒరిగిపోతానేమోననుకుంది.

పైమెట్టు మీద హేమ ఉంది. అమ్మ మాట్లాడొద్దన్నది గుర్తుంది. కానీ ఇంటికొచ్చిన పెద్దావిడ, అమ్మకి తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన మనిషి, ఒక్కత్తీ చీకటి పడే వేళ వెళ్లిపోతోంది. అమ్మ చూస్తే పుల్లవిరిచినట్టు ఒక్క మాటతో సరిపెట్టింది. అమ్మమ్మ ఉంటే ఊరుకునేదా? హేమ దీపం కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

“వెళ్లిరండి మామ్మగారూ.”

దోనె ఆగింది.

కాలవ ఆగలేదు. నీళ్లు దోనె పక్కలకి కొట్టుకుని రెండుగా చీలి పోతూనే ఉన్నాయి. నడిమధ్యలో ఏ ఆధారమూ లేకుండా దోనె నిలబడి, తొందరేం లేనట్టు మెల్లగా ముక్కు ఇటు తిప్పుకుంది. ఎదురునీటిని కోసుకుంటూ వచ్చి, రేవు రాయికి మెత్తగా ఆనింది. ఇంకా జానెడు మునిగే ఉంది.

చిన్నమ్మలు గట్టు మీంచి ఏదో తిట్టబోయి, వరహాలమ్మ మొహం చూసి చుట్ట తీసి కాలవలో పారేసింది. కూతుర్ని ఏమంటుంది వరహాలమ్మ, తన తల్లి నేర్పించిన మర్యాద. మెట్లు దిగి వెళ్లి, వంగి, చేతులు చాచింది. ఈసారి బరువు చేతుల్లోకి దానంతటదే వచ్చి వాలింది, మెడ చుట్టూ చెయ్యి వేసినట్టు. తడికాళ్లతో మోసుకుంటూ ఇంట్లోకి నడిచింది. మిషను దగ్గర పక్కకి తిరిగింది. గుమ్మం దగ్గర చెయ్యి ఎత్తింది.

దుప్పటి సర్దింది. తలకింద ఎత్తు చాలలేదని తన దిండు కూడా తెచ్చి పెట్టింది. ఆ తర్వాత, కుంకుడు రసం పడ్డట్టు ఎర్రబడ్డ కళ్లతో, గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న హేమవైపు తిరిగింది.

“ఏడవకు. చిన్నమ్మలు అత్త కొట్లోంచి ఒక గాజుగ్లాసు పట్రా. పాలు కూడా మళ్లీ కాచు. ఆవిడ చల్లారినవి తాగదు.”